గుర్వమ్మ చిల్లు పెట్టిన మోదుగాకు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. గుర్వమ్మ గురించి రాయడానికి కూర్చుని ముందు నా కోపం సంగతి చెప్పుకోవడం వింతగానే ఉంటుంది. కానీ ఆమె నాకు చేసిన మేలు ఆ కోపంతోనే ముడిపడి ఉంది, దాన్ని దాచితే ఆమె కథ సగమే చెప్పినట్టవుతుంది.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, బడులు తెరిచిన వారంలో, మక్తల్‌కు నాలుగు కోసుల దూరంలో ఉన్న ఒక ఊరికి నన్ను పంతులుగా వేశారు. మాది కొల్లాపూర్. నేను చదువుకున్నది ఎక్కువగా ఉర్దూలో. రాష్ట్రం మారాక తెలుగులో పాఠాలు చెప్పడానికి నేనే మళ్లీ కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఊళ్లో బడి అంటే పాత చావడి. ఒక గది, ముందు వసారా, నాలుగు తరగతులు, ఒక్క పంతులు. ఒక తరగతి ఎక్కాలు వల్లిస్తుంటే పక్కది పద్యం పాడేది, ఇంకొకటి పాఠం చదివేది. నా గొంతు వాటన్నిటికీ పైన ఉండాలి కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తూనే ఉండేవాణ్ణి.

బడికి ఎదురుగా గొర్రెలు కాసే కురుమ ఐలేశం ఇల్లు. గుర్వమ్మ ఐలేశానికి తల్లి. అప్పటికి అరవై దాటాయి. మనిషి సన్నం, మాట గట్టి. ఎండాకాలమైనా వానాకాలమైనా భుజం మీద గొంగడి ఉండాల్సిందే. ఇంటి ముందు బండ మీద కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతూ మా బడినే చూస్తూ ఉండేది. చూసి చూసి, విని విని, ఆమెకు పన్నెండో ఎక్కం దాకా వచ్చేసింది. మా పిల్లలు తొమ్మిదో ఎక్కంలో తప్పితే అక్కణ్ణుంచే అందించేది. నాకు ఒళ్లు మండేది.

ఆమెకు ఇద్దరు కొడుకులు. నేను ఆ ఊరికి రాకముందే మందను పంచుకునే దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. పెద్దవాడు సైదులు భార్యా పిల్లల్ని తీసుకుని నాగార్జునసాగర్ కట్ట పనికి వెళ్లిపోయాడు. చిన్నవాడు ఐలేశం మందతో ఇక్కడే ఉండిపోయాడు. ఐలేశం నెమ్మదస్తుడు, మాట తక్కువ. అన్న ఊసు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

ఐలేశం కూతురు సుక్కమ్మ. ఎనిమిదేళ్ల పిల్ల. దాన్ని బడిలో వేసింది గుర్వమ్మే. కురుమల ఇళ్ల నుంచి ఆడపిల్ల బడికి రావడం ఆ ఊళ్లో అదే మొదలు. ఇంట్లో ఒక్కరైనా చదువుకున్నవాళ్లు ఉండాలి, కాగితం వచ్చిన ప్రతిసారీ ఎవరి గడపలోనో నిలబడడం నాకు నచ్చలేదు అని ఆమె వసారా బయటే నిలబడి నాతో అంది. నేను పేరు రాసుకున్నాను.

మొదటి ఏడు సుక్కమ్మ నాకు తెగ నచ్చింది. పాఠం ఒకసారి చెబితే చాలు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. పిల్లలందరూ కలిసి చదివేటప్పుడు దాని గొంతే పైకి వినిపించేది. కానీ చూపు మాత్రం పుస్తకం మీద నిలిచేది కాదు. నాకు వినపడకముందే ఎవరి బండి వస్తోందో చెప్పేది. ఆకాశంలో గద్ద తిరిగితే మొదట చూసేది అదే. పలక మీద మూడు అక్షరాలు రాసి, నాలుగోది సగంలో ఉండగా తల గుమ్మం వైపు తిరిగేది. ఒకణ్ణి ప్రశ్న అడిగితే మధ్యలో తను జవాబు చెప్పేసేది. ఆగమంటే ఆగేది కాదు. చూపు ఆనడం లేదేమో అనుకుందామా అంటే, ముసలమ్మకు సూదిలో దారం ఎక్కించేది ఆ పిల్లే.

రెండో ఏడు పుష్యమాసంలో ఇన్‌స్పెక్టరు వచ్చారు. నా గొప్ప చూపించుకోవడానికి నేను సుక్కమ్మనే నిలబెట్టాను. అది పాఠం మొత్తం గడగడా చదివింది. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చి పుస్తకంలోకి తొంగి చూశారు. చదివిన పాఠం ఒకటి, తెరిచి ఉన్న పేజీ ఇంకొకటి. ఆయన పది పేజీలు ముందుకు తిప్పి, ఇది చదువమ్మా అన్నారు. సుక్కమ్మ కాసేపు బొమ్మ వైపు చూసింది. బొమ్మలో ఒక ఆవు, ఒక బావి ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపి అక్కడికక్కడే ఒక కథ అల్లి, చదువుతున్నట్టే చెప్పింది. పిల్లలంతా ఫక్కున నవ్వారు. ఏడాదిన్నర నా బడిలో కూర్చున్న పిల్లకు రెండు మాటలు కలిపి చదవడం రాదని నాకు అప్పుడే తెలిసింది. దీన్ని మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెట్టండి అని చెప్పి, నాకు కనపడేలాగే ఏదో రాసుకుని ఆయన వెళ్లిపోయారు.

ఆయన సైకిలు ఊరు దాటకముందే నేను బెత్తం తీశాను. పుస్తకం చూసి ఎందుకు చదవవని అడిగాను. సుక్కమ్మ ఏడవలేదు, చేతులు వెనక్కి పెట్టుకుని చెప్పింది.

"అన్ని ఒక్కసారే అరుస్తున్నయి సారూ. ఏది సూడాల్నో తెల్వది."

నాకది పొగరుగా వినిపించింది. అక్షరాలు అరవడమేమిటి? ఇంకో రెండు తగిలించాను. ఇప్పుడు ఇలాంటి పిల్లల గురించి పెద్ద చదువులు చదివినవాళ్లు ఏవేవో చెబుతున్నారు. ఆనాడు నా దగ్గర ఉన్న మందు బెత్తం ఒక్కటే. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు ఐలేశం వచ్చాడు. అరవలేదు, అడగలేదు. శివరాత్రి వెళ్లగానే మందను తోలుకుని కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు, నల్లమల అంచుకు పోతామని, వానలు పడేదాకా తిరిగి రామని, ఈసారి సుక్కమ్మనూ తీసుకుపోతానని చెప్పాడు. అన్న వెళ్లిపోయాక చేతులు తక్కువయ్యాయి. దారిలో పుట్టిన గొర్రెపిల్లలను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. చదువు వస్తే వేరే మాట, రాని చదువుకు ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంది అన్నాడు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం హాయిగానే అనిపించింది, ఒక తలనొప్పి తగ్గుతుందని.

ఆ మధ్యాహ్నమే గుర్వమ్మ కదురు పట్టుకుని బడిలోకి వచ్చింది. ఆమె ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. నన్ను తిట్టడానికే వచ్చిందనుకుని నేనూ సిద్ధంగా ఉన్నాను. ఆమె సుక్కమ్మ పుస్తకం అడిగి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది, నేను సరిచేశాను. చాలాసేపు ఆ పేజీ వైపే చూసింది. అప్పటిదాకా ఆమె పుస్తకాన్ని ఇంత దగ్గరగా చూడలేదనుకుంటాను.

"గిన్నింటిని ఒక్కసారే ఇడుస్తవా సారూ?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆమెకు తెలిసిపోయింది. సాయంత్రం మంద వచ్చే వేళకు గొర్రెల దొడ్డికి రమ్మని చెప్పి, పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లింది. పిలుపులా లేదు, హుకుంలా ఉంది. నేను విసుక్కుంటూనే వెళ్లాను.

నెల నిండని గొర్రెపిల్లల్ని మేతకు తోలరు. పగలంతా ఇంటి దగ్గర తడికలు కట్టిన చిన్న దొడ్డిలో ఉంచుతారు. సాయంత్రం తల్లులు పొదుగులు నిండి, అరుచుకుంటూ వస్తాయి. లోపల నలభై పిల్లలు, బయట నలభై తల్లులు, ఒకటే గోల. గుర్వమ్మ తడిక సందులో అడ్డంగా కూర్చుని ఉంది. లోపల సుక్కమ్మ ఉంది. గుర్వమ్మ మోకాలు పక్కకు జరిపితే ఒక్క పిల్ల బయటికి వస్తుంది, మళ్లీ మోకాలు అడ్డం పడుతుంది. ఆ పిల్ల వాసన చూసుకుంటూ పోయి తల్లిని చేరాలి, తల్లి దాన్ని వాసన చూసి పాలు తాగనివ్వాలి, అప్పుడుగానీ రెండోది బయటికి రాదు. బక్కవి ముందు, బలిసినవి వెనక.

తడిక మొత్తం తీస్తే ఏమవుతుందని అడిగాను. బలిసినవి ఇద్దరు తల్లుల పాలు తాగుతాయని, బక్కవి అరిచి అరిచి ఆకలితో పడుకుంటాయని, తల్లులు బెదిరి దేన్నీ దగ్గరికి రానివ్వవని చెప్పింది. కొత్తగా పనికి వచ్చినవాళ్లంతా మొదట చేసే తప్పు అదేనట.

నేను ఆమె మాట వింటూ సుక్కమ్మను చూస్తున్నాను. ఒక బక్కపిల్లను చేతుల్లో పట్టుకుని, వంతు వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది. చుట్టూ అంత గోల ఉన్నా దాని చూపు ముసలమ్మ మోకాలు మీదే ఉంది. నేను వచ్చిన సంగతి కూడా గమనించలేదు. బడిలో ఆగమంటే ఆగని పిల్ల ఇక్కడ అరగంట ఆగింది. ఇది నాకు పెద్ద దెబ్బ. ఆగడం రాని పిల్ల అని నేను ఏడాదిన్నరగా అనుకుంటున్నాను. దానికి ఆగడం వచ్చు, నా బడిలో ఎక్కడ ఆగాలో ఎవరూ చూపించలేదు.

పని అయ్యాక గుర్వమ్మ చేతులు గొంగడికి తుడుచుకుని చెప్పింది.

"గా అచ్చరాలను సుత గిట్ల ఇడువు సారూ. ఒక్కదానికి తల్లి దొరికినంక ఇంకోటి. పిల్లకు తెలివి లేక కాదు, నువ్వు తడక తీసి పెట్టినవు."

మర్నాడు పొద్దున్నే ఒక పచ్చి మోదుగాకు తెచ్చింది. మధ్యలో గోటితో గిల్లి చిన్న చిల్లు చేసింది, ఒక్క మాట కనిపించేటంత. దాన్ని పేజీ మీద పెట్టింది. పేజీ అంతా మూసుకుపోయి ఆ చిల్లులో ఒక్క మాట మిగిలింది. సుక్కమ్మ దాని మీదికి వంగింది. పెదవులు కదిలాయి. మొదట ఒక అక్షరం, కాసేపటికి రెండోది, ఆ తరువాత రెండూ కలిసి "బావి" అని బయటికి వచ్చింది. చాలా చిన్న మాట. కానీ అది విని కాదు, చూసి చదివిన మొదటి మాట. నా మొహం కనపడకుండా ఉండాలని ఇంకో తరగతి వైపు తిరిగి ఊరికే అరిచాను.

గుర్వమ్మ కొడుకుతో బేరం పెట్టింది. మంద కదిలేలోగా పిల్ల చదివితే తన దగ్గరే ఉండి బడికి పోతుంది, చదవకపోతే మంద వెంట వస్తుంది. ఐలేశం సరేనన్నాడు. శివరాత్రికి నలభై రోజులే ఉన్నాయి.

ఆ నలభై రోజులూ మిగతా పిల్లలు రాకముందే సుక్కమ్మ వచ్చేది, వెనకాలే గుర్వమ్మ. గదిలో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టేవాళ్లం, గుమ్మం కనపడకుండా. మొదటి వారం రోజుకు పది మాటలు దాటలేదు. మాట పూర్తిగా చెబితేనే ఆకు జరగాలి, అదీ గుర్వమ్మ పెట్టిన కట్టుబాటు. పిల్ల మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెబితే ఆమె పట్టేసేది. ఒక్క అక్షరం రాని మనిషికి అది ఎలా తెలిసేదో మొదట అంతు పట్టలేదు. తరువాత చూశాను: నిజంగా చదివేటప్పుడు పిల్ల కళ్లు ఆకు మీద ఉండేవి, ఊహించేటప్పుడు నా మొహం మీదికి వచ్చేవి. ఆమె పుస్తకాన్ని చూడడం లేదు, పిల్ల కళ్లను చూస్తోంది.

నాకూ ఒక కట్టుబాటు పెట్టింది. పిల్ల ఆగినచోట నేను నోరు తెరవకూడదు. అది నా వల్ల అయ్యే పని కాదు. సుక్కమ్మ ఒక మాట దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే నా నాలుక చివరికి ఆ మాట వచ్చేసేది, దాని వెనకాలే తిట్టు కూడా. నేను నోరు తెరవబోతే గుర్వమ్మ కదురు పైకెత్తేది. నేను మూసుకునేవాణ్ణి. ఆ నలభై రోజుల్లో సుక్కమ్మ చదవడం నేర్చుకుంది, నేను ఊరుకోవడం నేర్చుకున్నాను. రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో చెప్పలేను.

ఆకులు ఎండిపోయేవి, రోజూ కొత్తది తెచ్చేది. మాట ఒక్కటే పట్టే చిల్లు పోయి, రెండు మూడు మాటలు పట్టే సన్నటి కిటికీ వచ్చింది. చివరికి వరుస మొత్తం.

శివరాత్రి తెల్లారి, సామాను కట్టుకున్న రోజున, ఐలేశం బడికి వచ్చాడు. గుర్వమ్మా వెంట వచ్చింది. వసారాలో నలుగురం కూర్చున్నాం. సుక్కమ్మ పుస్తకం తెచ్చుకుని చాప మీద పెట్టుకుంది. ఐలేశం దాన్ని పక్కకు జరిపాడు.

"పుస్తకంలది వద్దు సారూ. అది ఇని ఇని నోటికొస్తది. నాకు ఎర్కైంది, పిల్లకు ఎర్క లేంది కావాలె."

రుమాలు మడతలోంచి ఒక పోస్టు కార్డు తీశాడు. మడతలు పడి, అంచులు నల్లబడి ఉంది. చూడగానే నాకు గుర్తొచ్చింది. నేను ఆ ఊరికి వచ్చిన కొత్తలో, శ్రావణమాసంలో, సాగర్ నుంచి సైదులు రాయించిన కార్డు అది. ఐలేశం నా దగ్గరికే తెచ్చాడు, నేనే చదివి పెట్టాను. ఇంట్లో తల్లికి అందరూ క్షేమమేనట అని మాత్రం చెప్పి, కార్డు దాచుకున్నాడట. రమ్మని ఒక్క మాట రాయలేదని లోపల బాధ. జవాబు రాయించలేదు. నేను చదివిన మాటలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. పిల్లకు ఆ కార్డు ఉందనే తెలియదు.

ఎవరో చేతి రాత, అదీ కట్ట మీద ఎవరో తీరికలేని గుమాస్తా రాసింది. అచ్చు అక్షరాలు తప్ప సుక్కమ్మ ఏమీ చదవలేదు. అది అన్యాయమని చెబుదామనుకున్నాను. గుర్వమ్మ నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను.

సుక్కమ్మ కార్డును నేల మీద పరిచింది, మోదుగాకు పెట్టింది. మొదటి వరుస దగ్గర చాలాసేపు పట్టింది. "తమ్ముడు ఐలేశానికి అన్న సైదులు రాయించునది" అని ఒక్కొక్క మాటే వచ్చింది. ఐలేశం మెడ ముందుకు చాపాడు. పిల్ల చదువుతుంటే తండ్రి పెదవులు కూడా లోలోపల కదులుతున్నాయి. మేమంతా క్షేమం. కట్ట మీద పని దొరికింది. పిల్లలు బాగున్నారు. ఒకచోట తప్పింది, వెనక్కి వచ్చి దిద్దుకుంది. అమ్మకు దండాలు. అక్కడికి అయిపోయింది.

ఐలేశం గట్టిగా ఊపిరి వదిలాడు. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను గోడకు చేరగిలబడ్డాను. గెలిచామనుకున్నాను.

కానీ సుక్కమ్మ ఆకు తీయలేదు. దాని చూపు ఎప్పటిలాగే వరుస దాటి పక్కకు పోయింది. కార్డును తలకిందులుగా తిప్పింది. పైన అంచులో, చీమల బారులా ఏదో ఇరికించి ఉంది. ఆకును దాని మీదికి జరిపి మళ్లీ మొదలుపెట్టింది.

"మంద పంపకంల... తప్పు నాదే. కోపం... పెట్టుకోకు. ఒక్కసారి... అచ్చి పో."

ఐలేశం మొహం మారిపోయింది.

"గా మాట కార్డుల లేదు," అన్నాడు. నా వైపు తిరిగాడు. "సారు సదివినప్పుడు లేదు. ఇది మళ్ల సొంతంగ అల్లుతాంది. ఇన్‌స్పెక్టరు ముంగట గిట్లనే చేసిందంట."

సుక్కమ్మ తల వంచుకుంది. ఆవు, బావి కథ ఊరంతా తెలుసు. చదివిందంతా చదివి చివర్లో కల్పించిందంటే ముందు చదివింది కూడా ఎలాగో తెలుసుకుని చెప్పిందనే అనుకుంటాడు తండ్రి. రేపు పొద్దున మంద కదులుతుంది. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను కార్డు అందుకున్నాను.

ఆ వరుస ఉంది. సన్నగా, తలకిందులుగా, తపాలా ముద్ర సిరా పక్కన. రాయించడం అయిపోయాక సైదులు మనసు మారి ఇంకో మాట రాయమని ఉంటాడు, గుమాస్తా చోటు లేక అంచులో ఇరికించి ఉంటాడు. ఆ రోజు నేను ఏదో హడావిడిలో ఉన్నాను, ఏ పిల్లవాడి మీదో అరుస్తూ మధ్యలో ఈ కార్డు చదివి ఇచ్చేశాను. తిప్పి చూడలేదు. ఏడాదిన్నరగా ఒక అన్న రమ్మని పిలుస్తున్నాడు, ఆ పిలుపు నా దగ్గరే ఆగిపోయింది.

అబద్ధం ఆడదామనిపించిందా అంటే, అనిపించింది. క్షణంపాటు. అక్షరాలు సరిగ్గా కనపడడం లేదంటే ఎవరూ కాదనలేరు. సుక్కమ్మ తల ఎత్తి నన్ను చూసింది. చూపులో కోపం లేదు, ఆశ కూడా లేదు. నేను తనను నమ్ముతానని అది ఎప్పుడూ అనుకోలేదు.

"ఉన్నది ఐలేశం," అన్నాను. "గా వరస కార్డుల ఉన్నది. పిల్ల సరిగ్గ చదివింది. నేనే చదవలే."

ఐలేశం నన్ను చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా ఊరుకుందామనుకున్నాను. కానీ మాట్లాడింది గుర్వమ్మ.

"పిల్ల తప్పు సదివితె నువ్వు కొడితివి. నిన్ను కొట్టెటోళ్లు ఎవలున్నరు సారూ?"

నేను తల దించుకున్నాను. అంతకంటే చేయగలిగింది లేదు. కాసేపటికి ఏదో చప్పుడైతే తల ఎత్తి చూశాను. ముసలమ్మ నవ్వుతోంది. నవ్వుతూనే గొంగడి కొసతో కళ్లు తుడుచుకుంటోంది. పెద్ద కొడుకుకు తమ్ముడి మీద కోపం లేదు. మనవరాలికి చదువు వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చి పడితే ఏ మనిషైనా ఏం చేస్తుంది? ఆమె నవ్వు చూసి నాకు గుండెల మీద బరువు దిగింది. ఐలేశం కార్డు నా చేతిలోంచి తీసుకుని కూతురి ముందు పెట్టాడు.

"గా వరస మళ్లొక్కపారి సదువు బిడ్డా."

అది చదివింది. ఇంకోసారి అడిగాడు. మళ్లీ చదివింది. నాలుగోసారి అడిగితే గుర్వమ్మ లేచి నిలబడి, ఇక చాలు, పిల్లకు ఆకలవుతోంది అని చెప్పి దాన్ని ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు మంద కదలలేదు. ఐలేశం బావమరిదికి మందను అప్పజెప్పి సాగర్‌కు బయలుదేరాడు, సుక్కమ్మను వెంటబెట్టుకుని. మక్తల్ దాటి ఎన్నడూ బస్సు ఎక్కని మనిషి. దారిలో బోర్డులు చదవడానికి తన మనిషి ఒకరు ఉండాలన్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడు. నేనూ అడ్డు చెప్పలేదు.

ఎనిమిది రోజులకు తిరిగి వచ్చారు, సైదులుతో కలిసి. సైదులు పదిహేను రోజులు ఉండి, తమ్ముడితో కొల్లాపూర్ దాకా మందను తోలి, తిరిగి కట్ట పనికి వెళ్లాడు. సుక్కమ్మ అవ్వ దగ్గర ఉండిపోయింది. బస్సు బోర్డు మీద ఆకు పెట్టడం కుదరదు కాబట్టి పిడికిలి గుండ్రంగా పట్టుకుని ఆ సందులోంచి చూస్తూ చదివిందట. జడ్చర్లలో, దేవరకొండలో జనం నవ్వారట. నవ్వితే నవ్వనీ, సరైన బస్సే ఎక్కినం కద అంది నాతో. ఇంకో ఏడాదికి ఆకు కూడా అక్కర్లేకపోయింది. నెమ్మదిగానే చదివేది, ఎప్పుడూ వేగం రాలేదు, కానీ చదివేది. మక్తల్‌లో ఏడో తరగతి పాసయింది.

గుర్వమ్మ పంతొమ్మిది వందల అరవై ఎనిమిది దాకా బతికింది. అప్పటిదాకా ప్రతి ఏడూ నా బడిలో అలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో కనిపించేవాళ్లు. నేను ఆమెకు కబురు చేసేవాణ్ణి. ఆమె వచ్చి, పుస్తకం వైపు చూడకుండా పిల్ల కళ్ల వైపే కాసేపు చూసి, ఏ పేజీకి ఎంత చిల్లు కావాలో చెప్పేది. అందరికీ ఆకు పని చేయలేదు. ఒకడికి చెట్టు కింద ఒంటరిగా కూర్చోవడమే కావాల్సి వచ్చింది, ఒకరిద్దరికి మేం ఏమీ చేయలేకపోయాం. బెత్తాన్ని మాత్రం నేను మళ్లీ ముట్టుకోలేదు. కోపం ఉంది, అది పోయేది కాదు.

సుక్కమ్మ సాగర్ వెళ్లిన ఆ ఎనిమిది రోజులకూ హాజరు పట్టీలో దాని పేరు ముందు గైర్హాజరు పడాలి. నియమం అదే, నేను నియమాల మనిషినని ఊరంతా చెప్పుకునేవారు. ఎనిమిది రోజులూ హాజరని వేశాను. నా నౌకరీ మొత్తంలో నేను వేసిన దొంగ హాజరు అదొక్కటే. ఇన్‌స్పెక్టరు అడిగితే, ఆ పిల్ల ఆ రోజుల్లో చదువుతూనే ఉందని చెబుదామని జవాబు కూడా తయారు చేసి పెట్టుకున్నాను. ఆయన మళ్లీ వచ్చినప్పుడు పట్టీ తెరిచి, ఆ పేజీ చూసి, సంతకం పెట్టి వెళ్లిపోయారు.